బుడ్డల పొట్టుతో ఇంగ్లీషు

మా నాయన నన్ను హైస్కూలుకు పంపడానికి ఒప్పుకున్నాడు గానీ, ఊరికే ఒప్పుకోలేదు. ఏ సంవత్సరం తప్పినా ఆ రోజుతో బడి బంద్ అన్నాడు. అన్నది నాతో కాదు, అమ్మతో. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరు కోడుమూరు దాపున ఉండే మెట్ట పల్లె. అక్కడ ఆడపిల్ల ఐదో తరగతి దాటడమే గొప్ప. మా వీధిలో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేరినవాళ్లం ఆరుగురం, అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. హైస్కూలు మూడు మైళ్ల దూరం. పొద్దున్నే సద్ది కట్టుకుని నడిచిపోయేవాళ్లం. ఆ నడక నాకు చదువుకన్నా ఇష్టం, ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

అప్పట్లో ఇంగ్లీషు అక్షరాలు మొదలయ్యేదే ఫస్టు ఫారంలో. తెలుగు పాఠం ఇంట్లో గట్టిగా చదివితే అమ్మ వినేది. తను రెండో తరగతి వరకే చదువుకున్నా, నేను ఒక్క పొల్లు మింగినా వంటింట్లోంచి కేకేసేది. ఇంగ్లీషు వినడానికి మాత్రం ఎవరూ లేరు. నేనేమి చదివినా అదే ఇంగ్లీషు. ఆ స్వేచ్ఛ ఫలితం అర్ధసంవత్సరం పరీక్షలో తేలింది. నా మార్కులు చూసి అయ్యవారే కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇది నడిమి పరీక్ష గాబట్టి సరిపాయ. ఎండాకాలం పరీక్షలో గూడా ఇట్లే అయితే పుస్తకాలు అటక మీద పెట్టు" అని నాయన అమ్మతో అన్నాడు. అమ్మ తలూపింది.

మా ఇంగ్లీషు అయ్యవారు రాయచోటి వైపు మనిషి. బక్కపలచగా ఉండేవారు. ఎప్పుడూ జలుబు చేసినట్లుండే గొంతు. మా వీధి పిల్లలు ఆరుగురూ ఒక్క ఇంగ్లీషులోనే తప్పారని గమనించి, ఒక ఆదివారం సైకిలు తొక్కుకుంటూ మా ఊరికే వచ్చేశారు. నేరుగా మా పడసాలలోకి వచ్చి కూర్చుని అడిగారు.

"ఇంటికాడ ఈ పాప పాఠం ఎవరు వింటారమ్మా?"

"తెలుగైతే నేను వింటా. ఇంగ్లీషు గోడలు వినల్ల అయ్యవారూ" అంది అమ్మ.

ఆయన నవ్వలేదు. కాసేపు గోడల వైపే చూసి, "అయితే మీకే నేర్పిస్తా" అన్నారు.

ముందు ఆరుగురి తండ్రులను నేర్చుకోవడానికి రమ్మని పిలిచారు. వాళ్లు ఒక ఆదివారం వచ్చి, రాజధాని కర్నూల్లోనే ఉంటుందా, కాలువ మా వైపు ఎప్పుడొస్తుంది అని ఆయన్ను గుచ్చి గుచ్చి అడిగి, తుండ్లు దులుపుకుని లేచిపోయారు. మరుసటి వారం ఒక్కరూ రాలేదు. మా నాయన అయితే ఆ పూటే చేలో పని కల్పించుకున్నాడు. మా అయ్యవారి చోట ఇంకొకరైతే అక్కడికి చేతులు కడిగేసుకునేవారు. ఆయన తల్లులను అడిగారు.

తల్లులకు తీరికెక్కడిది? అవి బుడ్డలు ఒలిచే నెలలు. వేరుశనగ కాయలను మా వైపు బుడ్డలంటారు. విత్తనానికి గింజలు కావాలంటే చేతులతో ఒలవాల్సిందే. మధ్యాహ్నమయ్యేసరికి మా పడసాలలో ఆరిళ్ల ఆడవాళ్లు గుండ్రంగా కూర్చునేవారు, మధ్యలో పొట్టు గుట్ట. ఎవరి చోటు వారిదే. మా అమ్మది వంటింటి గుమ్మం వైపు. ఎదురింటి అత్తది గాదె పక్కన. ఒక పిల్లవాడి అవ్వ ఉండేది, ఆమెకు వాకిలి పక్కన గోడకు ఆనుకునే చోటు. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చుంటే ఆ పూటంతా మూతి విరుపులే.

"పని నిలిపేది లేదమ్మా. చేతులు మీ పనిలో ఉండనీండి, కండ్లు మాత్రం నాకియ్యండి" అన్నారు అయ్యవారు. ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి, వాకిలి వైపు, అవ్వకు కాస్త ముందుగా చాప మీద కూర్చునేవారు. పలక లేదు, సుద్దముక్క లేదు. మధ్యలో నేల కాస్త చదును చేసి, బుడ్డల పొట్టునే వరసగా పేర్చి అక్షరం చేసేవారు. పేరు చెప్పేవారు. అందరూ ఒలుస్తూనే తిరిగి అనేవారు. తర్వాత దాన్ని చేత్తో చెరిపి ఇంకోటి.

తను ఊరికే కూర్చోవడం మర్యాద కాదనుకున్నారో ఏమో, ఆయన కూడా ఒక చేట ముందేసుకుని ఒలిచేవారు. ఆ పని మాత్రం ఆయనకు ఒక్క పిసరు రాదు. కాయతో పాటు గింజ కూడా చీలిపోయేది. "అయ్యవారూ, చీలిన గింజ మొలవదు. మీరు ఒలిచినవన్నీ మేము నూనెకే ఎయ్యల్ల" అని అవ్వ ఎగతాళి చేసేది. ఆయన అపరాధిలా ఆ చీలిన గింజలను పక్కకు తీసి పెట్టేవారు. ఇంగ్లీషు వచ్చినాయనకు బుడ్డలు ఒలవడం రాదని తెలిశాక ఆడవాళ్లకు ఇంగ్లీషంటే భయం పోయిందని నా నమ్మకం.

అమ్మ పట్టుదల అంతా ఇంతా కాదు. ఆదివారం నేర్చుకున్నది వారమంతా నెమరేసేది. బియ్యం ఏరుతూ చేటలో గింజలను అక్షరంగా పేర్చేది. కూరగాయ తరుగుతూ పెదవులు కదిపేది. నేను బడి నుంచి రాగానే, కాళ్లయినా కడుక్కోకముందే, "ఇట్లుండే మాటకు అర్థమేమి?" అని అడిగేది. ఫిబ్రవరి దాటేసరికి నేల మీద పొట్టు మాటలు గడగడా చదివేస్తోంది.

ఒక ఆదివారం అయ్యవారు మా ఇంగ్లీషు వాచకమే తెచ్చారు. ఇంతకాలం పొట్టు చదివారు, ఇక పుస్తకం చదవండి అని అమ్మ చేతికిచ్చారు. అమ్మ దాన్ని చూసింది, మొహం చిట్లించింది, తిరగేసి తలకిందులుగా పట్టుకుంది. అప్పుడు చదివింది, ఒక్క తప్పు లేకుండా. ఎదురింటి అత్త పుస్తకాన్ని అడ్డంగా పెట్టుకుని చదివింది. సరిగ్గా పట్టుకున్నది అవ్వ ఒక్కతే, ఆమె అయ్యవారి వెనకనుంచి చూసి నేర్చుకుంది మరి!

ఆయన అక్షరాలు తనకు కనిపించేటట్టు పేర్చారు. వీళ్లు ఎవరి చోట్లోంచి వాళ్లు కదలకుండా నేర్చుకున్నారు. మూడు వైపులా కూర్చున్న ఆడవాళ్లకు మూడు రకాల ఇంగ్లీషు వచ్చింది. అయ్యవారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. అంతలోనే మొహం చిన్నబుచ్చుకున్నారు.

"తప్పు నాదమ్మా. మీరు యాడ కూచున్నారో చూసుకోకుండా చెప్పినా. మల్లా మొదట్నుంచి చెప్తా."

"నాకొద్దు అయ్యవారూ" అంది అమ్మ. "చదివేటప్పుడు పాప నా ఎదురుగానే కదా కూచునేది. పుస్తకం దాని దిక్కే ఉండనీండి. నాకు చేతులు ఖాళీ లేవు, ఈ పక్క నుంచే నాకు బాగుండాది."

అదే ఆమె పద్ధతి అయింది. సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ నేను పుస్తకం నేల మీద పరుచుకుని చదవాలి. అమ్మ ఎదురుగా ఒలుస్తూ తన వైపు నుంచి చూస్తూ ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో ఆమెను చూసి నేను గర్వపడలేదు. ఒళ్లు మండేది. కష్టమైన మాట దగ్గర గొణిగితే వెంటనే, "ఏమన్నావు? మల్లా అను." ఊళ్లో ఏ పిల్లకూ లేని పోలీసు నాకే దాపురించింది.

ఈ సంగతి ఊరంతా పాకింది. పరీక్షలు రెండు వారాల్లో ఉన్నాయనగా నాయన చావిడి నుంచి ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు.

"పుస్తకం తలకిందులు పట్టుకోని చదువుతాందంట నీ పెండ్లాం అని అందరూ నగుతాండారు. చాలు ఈ చదువు. నీదీ చాలు, దానిదీ చాలు."

అమ్మ గొంతు పెంచలేదు. ఒలిచే చెయ్యి కూడా ఆపలేదు.

"పాపను చదవమంటా. నువ్వట్ల కూచోని విను. తర్వాత నీ ఇష్టం" అంది.

నాయన కూర్చున్నాడు. నేను ఒక నక్క కథ తీసి చదవడం మొదలుపెట్టాను. భయంతో గబగబా చదివాను. ఎలాగో పేజీ సగానికి వచ్చాను.

"ఆగు" అంది అమ్మ. "ఒక వరస ఎగిరిపోయినావు."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు నాయన. ఆమె పుస్తకం ముట్టుకోలేదని, అది మూరెడు దూరంలో ఉందని ఆయన చూస్తూనే ఉన్నాడు.

"ఆ వరసలో బాయి అనే మాట ఉండాది. అది చదవకుంటే నక్కకు నీళ్లు యాడ దొరికె?"

నేను తల దించుకుని వదిలేసిన వరస చదివి, తెలుగులో అర్థం చెప్పాను. బావి ఉంది అందులో. అమ్మకు అక్షరాలు వచ్చాయనుకున్నానే గానీ, నా వెంట కథలో నడుస్తోందని నాకు ఆ నిమిషం వరకూ తెలియదు. నాయన కాసేపు ఆమె చేతుల వైపే చూశాడు. తర్వాత లేచి బయటికి వెళ్లాడు. చదువు మానమని మళ్లీ అనలేదు. షరతు తీసేశానని కూడా అనలేదు.

పరీక్షలు రాశాను. ఫలితాల రోజు పాసైనవాళ్ల పేర్లు చదివారు, అందులో నా పేరు లేదు. ఇంగ్లీషు, అదీ నాలుగు మార్కుల్లో పోయింది. చదవమంటే వాచకమంతా చదివేదాన్ని. పరీక్షలో రాయమన్నారు. మా పడసాలలో రాత ఎవరికీ రాదు, నేను రాసింది ఎవరూ దిద్దలేదు. ఆ మూడు మైళ్లూ ఎలా నడిచానో నాకు తెలియదు.

అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. చేట పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "చదివింది విన్యానే గానీ, రాసింది చూడలేకపోతినే" అంది. అలాంటి మాట నేను జీవితంలో ఇంకెవరి నోటా వినలేదు. పిల్ల తప్పితే తల్లి తన్ను తాను తప్పించుకోలేదు, పక్కన వచ్చి నిలబడింది.

నాయన చేని నుంచి వచ్చేసరికి, నేను నోరు తెరవకముందే ఆమే చెప్పేసింది. ఆయన కాళ్లు కడుక్కున్నాడు. చెంబెడు నీళ్లు తాగాడు. నేను అప్పటికే పుస్తకాలు కట్ట కట్టి అటక కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఎవరు తప్పినారు?" అని అడిగాడు, వినలేదన్నట్టు.

"ఇద్దరమూ" అంది అమ్మ.

ఆయన చెంబు కింద పెట్టి, తుండుతో మొహం తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"అయితే ఇద్దరూ మల్లా చదవండి" అన్నాడు. "ఈతూరి రాసేది గూడా నేర్పమని అయ్యవారితో నేనే చెప్తా."

అట్లా నేను ఫస్టు ఫారం రెండేళ్లు చదివాను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ మాట గొంతెత్తి చెబుతాను.