తలుపు దగ్గర కూర్చునే మేడం

మా మేడం పోయారన్న కబురు నారాయణగూడ చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర బండి మీద ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "పొద్దున్నే కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చుంది నాయనా. మళ్ళీ లేవలేదు" అన్నారు. వెనక హారన్లు మోగుతున్నాయి. ఆఫీసుకు పోవాలో, చిక్కడపల్లిలో వాళ్ళింటికి పోవాలో ఒక నిమిషం పాటు నాకు తోచలేదు.

ఆమె ఏం పని చేసేవారో వాళ్ళ వీధిలో చాలామందికి తెలియదు. ఇన్సూరెన్స్ అని కొందరు అనుకునేవాళ్ళు. విదేశీ దుకాణాల్లో అమ్మే చొక్కాలు మన దగ్గర కుట్టిస్తారు కదా. కొనే కంపెనీల తరఫున మేము ఆ కుట్టే చోటికి వెళ్ళి, అక్కడ మనుషులను ఎలా చూస్తున్నారో ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతాం. నేను నల్గొండ జిల్లా నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో నాలుగేళ్ళు గ్రూప్స్‌కి చదివి, ఉద్యోగం రాక, ఇంటికి మొహం చూపించలేక ఆమె దగ్గర చేరాను. చేరిన రోజు నుంచీ "గ్రూప్ వన్ గారూ" అనే పిలిచారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఆ పిలుపు వినపడకపోతేనే భయం వేసేది.

ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ముందు ఏసీ గదిలో కూర్చోబెట్టి, జీడిపప్పు పెట్టి, ఫైళ్ళు తెస్తారు. మేడం ఆ ఫైళ్ళను పక్కకు జరిపేవారు. "ఇవి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాయి. భోజనం బెల్లు ఒక్కసారే కొడతారు" అని తన టిఫిన్ బాక్స్ తీసుకుని లేచేవారు. పెరుగన్నం, మాగాయ. పనివాళ్ళు తినే చోట, మోకాళ్ళు సహకరించకపోయినా, కిందే కూర్చునేవారు. అదీ ఎప్పుడూ తలుపు పక్కనే. ఎందుకని అడిగితే, "తలుపు తెరిచి ఉందో లేదో తెలుస్తుంది. నన్ను చూసి ఎవరు మాట ఆపేశారో కూడా తెలుస్తుంది" అన్నారు.

మొండి మనిషి. మెచ్చుకోవడంలో పరమ పిసినారి. ఆటోవాళ్ళతో ఆమె గొడవపడుతుంటే నేను ఎవరో తెలియనట్టు దూరంగా నిలబడేవాణ్ణి. కానీ అబద్ధం రాయమని ఎవరు బతిమాలినా, బెదిరించినా వినలేదు. అలాంటి మనిషి నా కళ్ళ ముందు ఒక్క అబద్ధం ఆడారు. ఇది రాస్తున్నది దాని కోసమే.

ఒకసారి ఒక పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాలీ ఆటోలోకి మూటలు ఎక్కించడం ఆమె కంటపడింది. "గుండీలు కుట్టని చొక్కాలు బయటికి ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు. లోపల ఎవరూ చెప్పలేదు. ఆటో అతను చెప్పాడు. ముషీరాబాద్ సందులో ఒక షెడ్డు. గుండీలు కుట్టడం, దారాలు కత్తిరించడం అక్కడే. ఫ్యాక్టరీ లెక్కల్లో ఆ షెడ్డు ఊసే లేదు.

మర్నాటికి మేడం మోకాళ్ళు వాచిపోయాయి. షెడ్డుకు నన్నొక్కణ్ణే పంపారు. పని అయ్యేదాకా వెనక తలుపుకు బయట తాళం వేస్తారని ఒకామె నాకు మెల్లిగా చెప్పింది. ఆమె చేతికి మా ఆఫీసు కార్డు ఇచ్చి వచ్చి, రిపోర్టు రాశాను. పేరు రాయలేదు. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని మురిసిపోతూ, 'ఎడమచేత్తో దారాలు కత్తిరించే ఆమె చెప్పింది' అని రాశాను. మేడం మంచం మీద ఉండి, నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టారు.

ఆ రిపోర్టు చొక్కాలు కొనే కంపెనీకి పోయింది, వాళ్ళ నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి షెడ్డు యజమానికి. పది రోజులకు ఆ దారాలు కత్తిరించే ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"రేపటి సంది రావొద్దన్నడు మేడం. ఆడ ఎడమచేత్తోని కత్తెర పట్టేది నేనొక్కదాన్నే. ఇంకెవరనుకుంటరు? ఎవలు రాసిన్రు గట్ల?"

మేడం కాగితం తెప్పించుకుని చదివారు. ఆ మాట మీద వేలు పెట్టి నా వైపు ఒకసారి చూశారు. తర్వాత ఆమెతో, "నేనే రాశానమ్మా. సంతకం చూడు, నాదే. తప్పు నాదే" అన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె వెళ్ళాక మేడం నాతో అన్నది ఒక్కటే మాట. "పేరు దాచావు. మనిషిని దాచలేదు."

ఆమెను పనిలోంచి తీసేసిన సంగతి తెలిసి చొక్కాలు కొనే కంపెనీవాళ్ళు, ఆ ఫ్యాక్టరీతో ఇక సంబంధమే వద్దని రాశారు. ఫ్యాక్టరీవాళ్ళకు బుద్ధి వస్తుందని నేను సంబరపడ్డాను.

"ఎవరికి వస్తుంది? ఫ్యాక్టరీ ఇంకో కంపెనీని చూసుకుంటుంది. షెడ్డు మూతపడుతుంది. ఈమెతో పాటు మిగతావాళ్ళూ ఇంట్లో కూర్చుంటారు" అన్నారు మేడం. ఆ రోజే జవాబు రాశారు. 'మీరు వెళ్ళిపోతే మీ చేతులు శుభ్రంగా ఉంటాయి, తలుపు మాత్రం తెరుచుకోదు. ఇన్నాళ్ళూ వీళ్ళు చేసిన చొక్కాలు అమ్ముకున్నారు కనుక, సరిచేసేదాకా ఉండండి.'

ఆ నెలంతా మేడం టిఫిన్ బాక్స్ పట్టుకుని షెడ్డుకు తిరిగారు. "తాళం ఎయ్యకుంటె సరుకు పోతది మేడం" అన్నాడు యజమాని. "నిప్పంటుకుంటే సరుకుతో పాటు వీళ్ళూ పోతారు. అప్పుడు తాళంచెవి ఎవరు వెతుకుతారయ్యా?" అన్నారు. కంపెనీ వెళ్ళిపోకుండా ఆగింది. ఆ షెడ్డులో జరిగేది తన పనేనని ఫ్యాక్టరీ ఒప్పుకుంది. తాళం పోయి లోపలి నుంచి తీసే గడియ వచ్చింది. ఆమె తిరిగి పనిలోకి వచ్చింది. అప్పట్నుంచీ మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు: ఎవరు మాట చెప్పారో వాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే రిపోర్టు పంపాలి.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆమె, "మేడం, ఈసారన్న నా చెయ్యి రాయకున్రి జర" అని ఆటపట్టించేది. "ఈసారి నీ ముక్కు గురించి రాస్తాలే" అనేవారు మేడం. అందరూ నవ్వేవాళ్ళు. నేను తల వంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి.

మేడం పదో రోజు కర్మ అయిపోయాక ముషీరాబాద్ షెడ్డుకు వెళ్ళాను. "అక్కా, అప్పుడు రాసింది మేడం కాదు. నేను" అన్నాను.

కత్తెర ఆపకుండానే అంది. "నాకెర్క లేదా అన్నా? గా దినం వచ్చింది నువ్వొక్కనివే. మేడం మొఖం మీ ఆఫీసులనే ఫస్టు చూసిన."

"మరి ఇన్ని రోజులు ఎందుకు ఊకున్నవ్?"

"మేడమే ఊకొమ్మన్నది. వాడే వచ్చి చెప్తాడు, అప్పటిదాకా ఏమీ అనకమ్మా అన్నది." కత్తెర పక్కన పెట్టింది. "జర లేట్ జేసినవ్ అన్నా."

నాకు ఏడుపు ఆగలేదు. ఇంతలో భోజనం బెల్లు కొట్టారు. అందరూ బాక్సులు తెచ్చుకుని కూర్చున్నారు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. దాని పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి, నన్ను ఇవతల కూర్చోమన్నారు. ఆమె ఎడమచేత్తో ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి, ఆ ఖాళీ చోటు ముందు పెట్టింది.