అమ్మ కోసం వేలాడదీసిన సెలైన్ సీసా

నా చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండించిన పెద్దమనుషుల్లో మొదటివాడు ఒక నైజీరియా డాక్టరు. ఇప్పుడు తలుచుకున్నా ఆ పూట ఆయన మీద వచ్చిన కోపం నాలో కొంచెం మిగిలే ఉంది. అప్పట్లో మేము సౌదీలోని ఖఫ్జీలో ఉండేవాళ్ళం. మా నాన్న సముద్రపు నీళ్ళను తాగే నీళ్ళుగా మార్చే ప్లాంటులో ఇంజనీరు. కావలి నుంచి అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాక మా తమ్ముడు అక్కడే పుట్టాడు. వాడికింకా ఏడాది నిండలేదు, మండుటెండల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. విరేచనాలవుతుంటే నీళ్ళు పట్టకూడదు, పడితే ఇంకా ఎక్కువవుతాయని నమ్మకం. మా అమ్మమ్మ అలాగే చేసింది, అమ్మా అలాగే చేసింది. తమ్ముడు నీళ్ళ గ్లాసు చూసి చేతులు చాపుతుంటే, అమ్మ కళ్ళొత్తుకుంటూ గ్లాసు దాచేసేది. పాలు కూడా ఆపేసింది. మర్నాటికి వాడి కళ్ళు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. బిడ్డ దక్కుతాడో లేదోనన్న భయం నాన్న మొహంలో కనబడింది.

గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అమ్మకు అక్కడి ఈజిప్టు డాక్టరంటే గురి. ఆయన సెలవులో ఉన్నాడు. ఆయన కుర్చీలో ఈ నైజీరియా డాక్టరు కూర్చుని ఉన్నాడు, నల్లగా, భారీగా, ఏ పనికీ తొందర లేనట్టు. చూడగానే అమ్మ మొహం ముడుచుకుంది. నల్లవాడికి వైద్యమేం తెలుస్తుందన్న ఆలోచన మా వాళ్ళందరిలోనూ ఉండేది, అది దాచడం ఎందుకు?

ఆయన తమ్ముడి పొట్ట మీది చర్మం వేళ్ళతో పట్టి వదిలాడు, నోట్లో చెంచాడు నీళ్ళు పోశాడు. వాడు ఆవురావురుమని మింగాడు. మింగుతున్నాడు కాబట్టి నోటితోనే పట్టాలి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో కొంచెం కొంచెంగా పొయ్యాలి, మింగలేని స్థితి వస్తే తానే సూది గుచ్చుతానని ఇంగ్లీషులో చెప్పాడు. నాన్న తెలుగులో చెప్పేసరికి అమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏందండీ ఈ మనిషి? బిడ్డ ఎండిపోతుంటే సూది లేదు, సెలైను లేదు. చెంచాతో నీళ్ళు పొయ్యమంటాడా? నీళ్ళు పోస్తే బిడ్డ నాకు దక్కుతాడా?"

నాన్నకూ అలాగే అనిపించినట్టుంది. బయటికెళ్ళి ప్లాంటులో తన పై అధికారికి ఫోను చేశాడు. ఆయన సౌదీ మనిషి, ఆస్పత్రిలో చుట్టాలున్నవాడు. ఇక్కడ ఏ పని జరగాలన్నా వాస్తా కావాలి, అంటే పైనుంచి ఎవరో మన తరఫున ఒక మాట చెప్పాలి. ఆ మాట గంట తిరక్కుండానే పని చేసింది. ఆస్పత్రి పెద్దాయన గుమ్మంలో నిలబడి, సెలైన్ పెట్టమని అందరి ముందూ ఆ డాక్టరుకు ఆర్డరేశాడు. డాక్టరు దవడ బిగుసుకుంది. సరే సార్ అని, మలయాళీ నర్సును వెంటబెట్టుకుని లోపలికెళ్ళాడు.

తిరిగొచ్చి సీసాను స్టాండుకు వేలాడదీశాడు. అమ్మ గబగబా తమ్ముడి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి ముట్టుకోలేదు. గొట్టం చివరను ఒక కప్పులో పెట్టాడు. చుక్కలు కప్పులో పడసాగాయి. ఈ మందు నోటి ద్వారానే వెళ్ళాలి, తల్లి చేత్తోనే పొయ్యాలి, చుక్క కూడా వృథా కాకూడదన్నాడు. అమ్మ నమ్మింది. స్టాండుకు వేలాడే సీసాలోంచి వచ్చింది మందు కాక మరేమవుతుంది? కప్పులోకి పడిందల్లా చెంచాతో తీసి పొయ్యడం మొదలుపెట్టింది.

మొదట అంతా కక్కేశాడు. అమ్మ చెంచా పడేసి భోరుమంది. కాసేపాగి మళ్ళీ పొయ్యమన్నాడు డాక్టరు. మళ్ళీ కక్కాడు. మళ్ళీ ఆగి పొయ్యమన్నాడు. డ్యూటీ అయిపోయినా కదలకుండా ఎదురుగా స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అమ్మ చెయ్యి లాగేస్తోంది, తమ్ముడి మెడ వాలిపోతోంది, ఈయనేమో సినిమాకొచ్చినట్టు కూర్చున్నాడని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ స్టూలును కాలితో తన్నాలనిపించింది.

సాయంత్రపు నమాజు పిలుపు వినబడే వేళకు తమ్ముడు అమ్మ చీరంతా తడిపేశాడు. ఒంట్లోకి నీళ్ళు చేరాయనడానికి అదే గుర్తట. డాక్టరు మొదటిసారి నవ్వి లేచాడు. సీసా దింపి అమ్మకు చూపించాడు. పైభాగం కత్తిరించి ఉంది. అందులో ఉన్నవి మామూలు మంచినీళ్ళు, ఉప్పూ పంచదారా పొడి కలిపినవి.

బిడ్డ బతికాడన్న సంతోషం కూడా మరిచిపోయి అమ్మ మండిపడింది. ఇంతసేపూ తనను మోసం చేశాడంది, ఆడదాన్నని ఆటాడించాడంది. నాన్న సగం మింగేసి సగమే ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు అంతా విన్నాడు.

"చెంచా ఇస్తే మీరు తీసుకోలేదమ్మా. సీసాలోంచి వస్తే తీసుకున్నారు. రెండూ అవే నీళ్ళు. ఇంట్లో మీకు సీసా ఉండదు, చెంచా ఉంటుంది."

తర్వాత నాన్నతో తన సంగతి చెప్పుకొచ్చాడు. తమ దేశంలో ఆయన గవర్నమెంటు డాక్టరు, ఒక జిల్లా ఆరోగ్యమంతా ఆయన బాధ్యత. వానాకాలం రాగానే తల్లులు బిడ్డల్ని వీపున కట్టుకుని సెలైన్ సీసా కోసం ఆయన ఆస్పత్రికి నడిచి వచ్చేవారట. ఊరూరికీ తిరిగి తల్లులకు నేర్పే ఆడవాళ్ళు కావాలని ఏళ్ళ తరబడి పైవాళ్ళతో పోట్లాడాడు. వాళ్ళు ఇంకో పెద్ద భవనం కట్టించి, రిబ్బను కత్తిరించి వెళ్ళారు. ఎదురు మాట్లాడినందుకు ఈయన్ని మూలకు బదిలీ చేశారు. విసిగిపోయి కాంట్రాక్టు మీద ఇక్కడికొచ్చాడు. ఇక్కడా పైవాడి ఆర్డరే, ఇక్కడా సీసా మీదే నమ్మకమన్నాడు.

"దారి పొడుగునా నది ఒడ్డునే నడిచి వచ్చేవాళ్ళు. నీళ్ళ పక్కనుంచే వస్తూ, నీళ్ళు పట్టక, బిడ్డలు వీపు మీదే పోయేవాళ్ళు."

నాన్న ఆ మాట తెలుగులో చెప్పాక అమ్మ తిట్టడం ఆపేసింది.

ఆ ఏడాది చివర ఆయన కాంట్రాక్టు పొడిగించుకోకుండా వెళ్ళిపోయాడు. బంగారంలాంటి జీతం వదులుకుని ఆ పాత ఉద్యోగానికే పోతున్నాడని అందరూ పిచ్చివాడన్నారు. నాన్న ఉండబట్టలేక అడిగేశాడు. ఆయన చెప్పిన జవాబును ఆ రాత్రి భోజనాల దగ్గర మాకు చెప్పాడు.

"అక్కడా కోపమే, ఇక్కడా కోపమే. ఇక్కడ నా కోపం ఎవరికీ పనికిరాదు. అక్కడైతే కొందరు పిల్లలు బతుకుతారు."

తర్వాత వచ్చిన డాక్టరు అడిగినవాళ్ళకల్లా సెలైన్ పెట్టాడు, ఊరంతా మంచి డాక్టరంది. ఏం చెబుతాం ఆ జనానికి? అమ్మ మాత్రం తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ బిడ్డకు విరేచనాలైనా, ఆ మాయలోడు నన్నెంత మోసం చేశాడో అని తిట్టుకుంటూనే ఉప్పూ పంచదారా పట్టుకుని వెళ్ళేది. తమ్ముడికిప్పుడు బట్టతల. ఆ డాక్టరు అక్కడ గెలిచాడో ఓడాడో మాకెవరికీ తెలియదు.

నేనిప్పుడు సౌదీలోనే ఖోబర్‌లో, అల్ అజీజియా పేటలో ఉంటున్నాను. వయసు మీద పడ్డా కోపం తగ్గలేదు. కాకపోతే కోపం వచ్చినప్పుడు, దీనివల్ల ఎవరికైనా పనవుతుందా అని ఒక్కసారి చూసుకుంటాను. పోయిన నెల మా వీధిలో ఒక ఇంట్లో పనిచేసే కడప ఆమె, తల్లి చావుబతుకుల్లో ఉంటే కఫీల్, అంటే ఆమెను పనికి తెచ్చుకున్న యజమాని, దేశం దాటడానికి ఎగ్జిట్ అనుమతి ఇవ్వడం లేదని నా దగ్గర ఏడ్చింది. నాకు ఒళ్ళంతా మంటలెత్తింది. కారు తీసి ఆమెను లేబర్ ఆఫీసుకు తీసుకెళ్ళాను. రేపు రమ్మన్నారు. వెళ్తే, ఇంకో కిటికీ దగ్గరికి పొమ్మన్నారు. ఇంకా పని కాలేదు. ఈ ముసలామె మళ్ళీ వచ్చిందా అని అక్కడివాళ్ళు మొహాలు చిట్లిస్తున్నారు. చిట్లించనీ. రేపు పొద్దున మళ్ళీ వెళ్తున్నాం.