నీలం రాని కుందేళ్ళు

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. పరిశోధన ముగించి వెళ్ళే సీనియర్, హాస్టల్ గదిలో బకెట్ వదిలినట్టు, తన కుందేళ్ళను జూనియర్‌కి వదిలి వెళ్ళేవాడు. కొత్తవాటికి అర్జీ పెడితే, అవి వచ్చేలోపు మన పెళ్ళయిపోతుందని అందరి నమ్మకం.

నాకు కొన్ని పాతవి దక్కాయి, ఎలాగో శాంక్షనైన కొత్తవి కొన్ని వచ్చాయి. తొంభైల్లో జన్యుచికిత్స అంటే క్యాంపస్‌లో కళ్ళు పెద్దవి చేసేవారు. నా పని అంత గొప్పదేం కాదు. జలుబు తెచ్చే వైరస్‌కి కోరలు పీకి, దాని వీపున ఒక జన్యువు ఎక్కించి, కుందేలు తొడలో ఇంజెక్షన్ చేయడం. జన్యువు చేరితే, రంగుమందు వేసినప్పుడు ఆ కండ నీలంగా మారాలి. కొత్త కుందేళ్ళది మారింది. పాతవాటిది మటన్ షాపులో ఉన్నట్టే ఉంది.

ఫెలోషిప్ పొడిగింపు తేల్చే సెమినార్ దగ్గరపడింది. గోదావరి జిల్లా మనిషి మా గైడు.

"ఇంజెక్షన్ సరిగ్గా పడుండదయ్యా. వాటిని తీసేసి మిగతావి చూపించు."

"కొత్తవాటికి బాగానే పొడిచిన చెయ్యి పాతవాటికే వణికిందా సార్?"

"నీకు ఫెలోషిప్ కావాలా, వాదన కావాలా?"

రెండూ కావాలన్నాను.

కుందేళ్ళిచ్చిన సీనియర్‌ని తార్నాకలో చాయ్ దగ్గర పట్టుకున్నాను. "అన్నా, వాటికి ఏం జేసినవ్?"

"ఏం జేస్త. యాంటీబాడీల కోసం గా జలుబు వైరస్‌నే చంపి ఎక్కించిన. నీకెర్కలేదా?"

"నువ్వు చెప్తే ఎర్కయితది."

"నువ్వడిగితే చెప్తుంటి."

అంటే వాటి రక్తం నా వైరస్‌ని గుర్తుపట్టి గేటు దగ్గరే ఆపేసిందన్నమాట. ఇంజెక్షన్‌కి ముందే తీసి దాచిన పాత కుందేళ్ళ రక్తం నుంచి సీరాన్ని వేరుచేసి, వైరస్‌తో కలిపి, గాజుపళ్ళెంలోని కణాల మీద వేశాను. నీలం లేదు. కొత్తవాటి సీరంతో వేస్తే సిరా ఒలికినట్టయింది.

సెమినార్‌లో అన్నిటినీ చూపించాను, పాతవాటిని ముందు.

"అయితే నీ వైరస్ పనిచేయలేదంటావు," అన్నారు కమిటీ పెద్దాయన.

"చేసింది సార్. వాటి రక్తం ఇంకా బాగా చేసింది."

ఎవరూ నవ్వలేదు. పొడిగింపు ఆపేశారు. ముందు రక్తం పరీక్షించిన కుందేళ్ళతో మళ్ళీ చేసి రమ్మన్నారు.

కారిడార్‌లో గైడు అడిగారు, "తృప్తిగా ఉందా?"

"ఉంది సార్. ఒక్కదాన్నీ దాచలేదు. కాకపోతే ఈసారి కుందేళ్ళ చెవి నరంలోంచి ముందే రక్తం తీయాలి, పట్టుకోవడానికి మనిషి లేడు."

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. "చొక్కా మీద మూత్రం పోస్తే ఊరుకోను."

"కుందేలికే చెప్పుకోండి సార్," అన్నాను.