అక్కతో చెప్పలేని మాట

2023 జనవరి. ఇంగ్లండులోని కోవెంట్రీలో ఒక జీపీ సర్జరీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్, పైఅంతస్తులో, ఎప్పుడూ సరిగా వెచ్చబడని ఒక చిన్న గదిలో కూర్చుని డిప్రెషన్‌తో వచ్చేవాళ్ళకు సీబీటీ చేసేదాన్ని. సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. మన ఆలోచనలూ, మన అలవాట్లూ కలిసి మనల్ని ఎలా కుంగదీస్తున్నాయో కాగితం మీద పెట్టుకుని, వాటిని కొంచెం కొంచెంగా మార్చుకునే చికిత్స. మాత్రలా మింగితే సరిపోదు, ఇంటి దగ్గర సాధన చేయాలి.

అప్పుడు వచ్చాడు మధు. నలభై ఒక్క ఏళ్ళు, ప్రొద్దుటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టర్. పెళ్ళి కాలేదు. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేయమన్నాక ఫ్లాట్‌లో అతనితో మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. శుక్రవారం మీటింగు ముగిస్తే మళ్ళీ సోమవారం దాకా తన గొంతు తనకే వినపడదని మొదటి రోజే చెప్పాడు. నెల రోజులుగా సెలవులో ఉన్నాడు. త్వరగా కోలుకోకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటే వీసా.

ఇంగ్లీషులో మొదలుపెట్టినవాడు నేను తెలుగుదాన్నని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టు చూశాడు. ఐదు నిమిషాల్లో నేను అక్కనైపోయాను. అక్కడే ఆపాల్సింది. కానీ నాకూ ఆ పిలుపు తియ్యగా ఉంది. భీమవరం వదిలి ఇరవై ఏళ్ళయింది, ఈ ఊళ్ళో నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనక?

ప్రతి సెషన్ మొదట్లో తొమ్మిది ప్రశ్నల ఫారం నింపిస్తాం. నిద్ర ఎలా ఉంది, దేనిమీదైనా ఆసక్తి ఉందా, బతకాలనిపిస్తోందా, ఇలాంటివి. మార్కులు ఎంత తక్కువైతే అంత మేలు. మధుకు మొదటి రోజు పంతొమ్మిది. తర్వాత పదహారు, పదమూడు, తొమ్మిది. రోజూ ఏం చేశాడో రాసే డైరీలో నడక, వంట, లైబ్రరీ అన్నీ ఉండేవి. “పర్వాలేదక్కా, తేలిగ్గా ఉంది” అనేవాడు. నేను పొంగిపోయి “చూశావా, నేను చెప్పలా?” అనేదాన్ని. ఏడో వారానికి, చికిత్స ముగిసిందని చెప్పే డిశ్చార్జ్ ఉత్తరం కూడా సిద్ధం చేసేశాను.

అదే వారం అతని జీపీ దగ్గర్నుంచి ఒక నోట్ వచ్చింది. పేషెంటుకు ఏమాత్రం గుణం లేదట, మంచం దిగడమే కష్టంగా ఉందట, మందు డోసు పెంచమని అడిగాడట. ఎవరో తెలియని తెల్ల డాక్టరుకు పది నిమిషాల్లో ఇంగ్లీషులో చెప్పిన నిజం, ఏడు వారాలుగా తెలుగులో నాకు చెప్పలేదు.

ఒళ్ళు మండింది. మధు రాగానే ఆ నోట్ ముందు పెట్టి ఎందుకిలా చేశావని అడిగాను.

“మీరు అంత సంతోషంగా మార్కులు రాసుకుంటాంటే ఎట్ల చెప్పేదక్కా?” అన్నాడు. “మీరు గూడ విసుక్కుంటే ఇంగ నాకు ఎవరున్నారు?”

డైరీ అంతా నా దగ్గరికి బస్సులో వస్తూ కల్పించి రాసేవాడట. నా కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గు మాత్రం మిగిలింది. పెద్దక్క మనసు కష్టపెట్టకూడదని అతను మర్యాద పాటించాడు. ఆ మర్యాదలో నేను హాయిగా కూర్చున్నాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని ఆ రోజు సూటిగా అడిగాను. అలాంటిది లేదన్నాడు, ఈసారి నా కళ్ళలోకి చూస్తూ. ఫారం మళ్ళీ నింపాడు. ఇరవై.

డిశ్చార్జ్ ఉత్తరం చింపేసి, సూపర్‌వైజర్ని అడిగి మరో ఎనిమిది సెషన్లు తెచ్చుకున్నాను. అసలు వైద్యం అప్పుడు మొదలైంది. సీబీటీలో బిహేవియరల్ ఎక్స్‌పెరిమెంట్ అని ఒకటుంది. మన భయాన్ని ముందుగా రాసిపెట్టుకుని, ఆ పని చేసి, జరిగినదాన్ని పక్కన రాసి పోల్చుకోవడం. మధు భయం ఒక్కటే: బాగాలేదని చెబితే మనుషులు తప్పుకుంటారు. మొదటి ప్రయోగం నా మీదే. నా చికిత్సలో ఏది పనికిరాలేదో నా మొహం మీదే చెప్పమన్నాను. చెప్పాడు. నేను మరీ ఎక్కువ మాట్లాడతానన్నాడు. చురుక్కుమంది, అయినా రాసుకున్నాను.

రెండోది వాట్‌ఫర్డ్‌లో ఉండే పాత స్నేహితుడు వేణు మీద. తన పరిస్థితి చెబితే ఫోన్ పెట్టేస్తాడని మధు రాశాడు. వేణు అంతా విని సాయంత్రం మళ్ళీ చేస్తానన్నాడట, చేయలేదట. రెండు రోజుల తర్వాత చేసి గంటసేపు మాట్లాడాడు. “సగం నా భయమే నిజమైందక్కా” అన్నాడు మధు. ఆ మిగతా సగం పట్టుకునే మంచం దిగాడు. నడకకు వెళ్ళాడు, ఈసారి నిజంగానే. వేసవికి మెల్లగా పనిలో చేరాడు.

చివరి రోజు స్కోరు ఎనిమిది. ఫారం నా చేతికిచ్చి, “దీంట్లో అడగనిది ఒకటుంది. ఇంటికి పోతే తలుపు తీసేవాళ్ళు ఇంగా ఎవరూ లేరు. అది మీ థెరపీకి లొంగలేదు” అన్నాడు.

నిజమే, ఒంటరితనం గురించి ఆ ఫారంలో ప్రశ్న లేదు. సీబీటీ అతణ్ణి మంచం మీంచి లేపింది గానీ ఇంటికి మనిషిని తెచ్చిపెట్టలేదు. ఇదివరకైతే ఓదార్చడానికి ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు ఊరికే విన్నాను. చికిత్స పనిచేసిందని నాకు నమ్మకం కలిగించింది ఆ ఎనిమిది కాదు. నన్ను నొప్పిస్తుందని తెలిసి కూడా ఆ మాట నాతో చెప్పి, నింపాదిగా కోటు వేసుకుని వెళ్ళాడు చూడండి, అదీ.