నీళ్ళడుగున విన్న లెక్క

దయ్యాన్ని చూశామని ఎవరైనా మా ఇంటికొచ్చి చెబితే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేదాన్ని. ఎన్ని గంటలప్పుడు? ఎంత దూరం నుంచి? అద్దాలు పెట్టుకున్నావా, లేదా? పెనుకొండ కొండ దిగుతూ తెల్లచీర మనిషిని చూశానన్న బంధువు ఒకాయన నాలుగో ప్రశ్నకే "మేకేమోలేమ్మా" అని ఒప్పేసుకున్నాడు. నేను చదివింది ఫిజిక్స్ డిగ్రీ. వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. ఆ అలవాటు వల్లే ఇదంతా జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

మేముండేది హిందూపురంలో. మా ఆయన, మా మరిది కలిసి బట్టల కొట్టు నడుపుతారు. ఒకటే ఇల్లు. కింద మేమూ, మా ఇద్దరు కొడుకులూ. పైన మరిది, ఆయన భార్య సువర్ణ, వాళ్ళ కూతురు హారిక. మొత్తం ఏడుగురం.

సువర్ణది పెనుకొండ. వాళ్ళ నాయన చెనక్కాయల వ్యాపారి. కొలిచేచోట "ఒకటి" అనరు, "లాభం" అంటారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని దాన్నీ అనరు, "ఆరున్నొక్కటి" అంటారు. ఆ లెక్క ఈమె నాలుక మీద అట్లే నిలిచిపోయింది. ఇడ్లీ ప్లేట్లు లెక్కపెట్టినా అంతే, మనుషుల్ని లెక్కపెట్టినా అంతే. ఏ ఊరికి బయలుదేరినా రైలెక్కి కూర్చోగానే వెనక సీటు నుంచి మొదలుపెట్టేది. లాభం, రెండు, మూడు, నాలుగు అని ఊపిరి తీసుకుని, ఐదు, ఆరు అని, చివర్లో "ఆరున్నొక్కటి" అంటూ తన గుండె మీద చెయ్యి పెట్టుకునేది. ఏడో మనిషి తనే.

నాకు ఒళ్ళు మండేది. "ఏమే, మేమేమన్నా చెనక్కాయ మూటలమా? ఏడు అంటే నోరు కాలుతాదా? అను చూస్తాం" అనేదాన్ని.

"అనలేనక్కా. నన్ను ఎన్నయినా అనుకో."

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు. హారిక ఏడో తరగతికి వచ్చిన సంవత్సరమంతా "మా పాప ఆరు మీది క్లాసు" అని చెప్పుకుంటూ తిరిగింది. ఎదుటివాళ్ళు తెల్లముఖం వేసేవాళ్ళు. నేను నవ్వేదాన్ని.

ఆమె సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్ళంటే బుక్కపట్నం చెరువు, అదీ నిండిన ఏడాది. ఫోన్‌లో అండమాన్ వీడియోలు చూసి దాచిపెట్టుకునేది. అడుగున గాజు పెట్టిన పడవ. మడ అడవుల్లో తెడ్డు వేసుకుంటూ పోవడం. తలకు పెద్ద గుండులాంటిది తొడుక్కుని సముద్రం అడుగున నడవడం. "అక్కా, బుక్కపట్నం చెరువులు ఎన్ని పడతాయక్కా ఇందులో?" అని అడిగేది. మా మరిది ప్రతి ఏడూ "వచ్చే వేసవికి పోదాంలే" అనేవాడు. ఆ వేసవి వచ్చేలోపల గర్భసంచిలో క్యాన్సర్ బయటపడింది.

బెంగళూరులో మూడో విడత మందు ఎక్కించుకుని వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గర ఉండగా, ఆమే ఎత్తింది ఆ మాట.

"ఇప్పుడు కొంచెం తేటగా ఉండాది. ఒక నాలుగు దినాలు పోయొస్తే ఏమవుతాదక్కా?"

నన్నే అడిగింది. మొగుణ్ని అడగలేదు. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆమెకు తెలుసు.

నేను వాదించాను. రక్తం ఎంత తక్కువుందో కాగితం తెచ్చి చూపించాను. దీవిలో జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి పోతావన్నాను. ఎండ, ఉప్పునీళ్ళు, విమానం, ఇన్ఫెక్షన్. ఒక్కోటికీ వేలు మడిచాను. "సముద్రం యాడికీ పోదు. మందు అయిపోనీ, అందరం పోదాం" అన్నాను.

మా మరిది తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ, "వదిన చెప్తాంది కదా, ఇంకేమి?" అన్నాడు. నా మాటల చాటున దాక్కోవడం ఆయనకు మొదటినుంచీ హాయి.

"సరేలే అక్కా. చదువుకున్నదానివి" అంది సువర్ణ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

రెండు నెలలకు చనిపోయింది.

శవాన్ని తెచ్చుకోవడం, ఆసుపత్రి కాగితాలు, వచ్చినవాళ్ళకు భోజనాలు, అన్నీ నేనే చూశాను. మనిషి గట్టిదని అందరూ మెచ్చుకున్నారు. పదకొండో రోజున హారిక, అప్పటికి దానికి పదిహేడేళ్ళు, వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది. "మా అమ్మ కోసం నువ్వు ఒక్కసారన్నా ఏడ్సినావా పెద్దమ్మా?"

నేను ఏడవలేదు. రాలేదు. ఆ మాటే చెప్పాను. అబద్ధం చెప్పే అలవాటు లేదు మరి. ఆ రోజు నుంచి అది నాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఎనిమిది నెలలు. కూర కావాలంటే మా చిన్నోడితో అడిగించేది.

తర్వాత అండమాన్ పోదామన్నది అదే. అమ్మ చూడాలనుకున్నవన్నీ చూసి తీరాలంది. వాళ్ళ నాయన వెంటనే టికెట్లు తీశాడు. బతికున్నప్పుడు కుదరని ప్రయాణం వారంలో కుదిరింది. హిందూపురంలో రైలెక్కి బెంగళూరు, అక్కడినుంచి విమానం. ఆరుగురం. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ దీవుల అందం గురించి నన్నడక్కండి. నీళ్ళు నీలంగా ఉన్నాయి, ఇసుక తెల్లగా ఉంది. మంచం మీద తువ్వాళ్ళను హంసల్లా మడిచిపెట్టారు. మా మరిది గడ్డిటోపీ కొనుక్కుని, కొబ్బరిబోండం పట్టుకుని ఫోటోలు దిగాడు. మా ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న చెనక్కాయల పొడి లేకుండా ముద్ద మింగలేదు. గాజుపడవలో అడుగున పగడాలను చూసి అందరూ ఓహో అంటుంటే, హారిక వాళ్ళమ్మ ఫోన్‌ను గాజుకు ఆనించి పట్టుకుని కూర్చుంది, ఫోన్ చూస్తుందన్నట్టు. నేను ముఖం తిప్పుకున్నాను. మడ అడవుల్లో ఆ పిల్ల పడవలో ఒక చోటు ఖాళీగా ఉన్నా నన్ను రమ్మనలేదు.

మూడో రోజు సముద్రం అడుగున నడక. తీరానికి కొంచెం ఎడంగా తేలే బల్లకట్టు, దానికి నీళ్ళలోకి దిగే ఇనుప నిచ్చెన. విడతకు ఇద్దరు. నా కొడుకులు ముందే దిగి వచ్చేశారు. మా ఆయనకు బీపీ. హారికకు తోడుగా వాళ్ళ నాయన దిగాలి. ఆయన నిచ్చెన దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"నాకు చేతకాదు వదినా. నువ్వు దిగు."

"కట్టుకున్నదానికి తోడు పోలేదు, కన్నదానికన్నా పోరాదా?" అన్నాను. అందరి ముందరే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. నేను దిగాను. హారిక నా వైపు చూడలేదు.

భుజాల దాకా నీళ్ళలోకి దిగాక ఆ పెద్ద గుండు తల మీద పెడతారు. పైనుంచి గొట్టంలో గాలి వస్తుంది. తల తడవదు, అద్దాలు కూడా తియ్యక్కర్లేదు. లోపల గాలి బుస్సుమని ఒకటే రొద. మాట్లాడటానికి, వినడానికి ఏ ఏర్పాటూ లేదు, అన్నీ చేతి సైగలే. రెండంతస్తుల ఇల్లంత లోతు. చెవులు నొప్పిపుడితే గుటక వెయ్యమన్నారు. వేశాను, తగ్గింది. ఇద్దరికీ చెరో మనిషి పక్కన ఈదుతున్నాడు. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చాయి. హారిక నాకు నాలుగు బారల ముందుంది. ఉదయం పదకొండు గంటలు. ఎండ అడుగు దాకా దిగి ఇసుక మీద వలలా కదులుతోంది. ఇన్ని ఎందుకు చెబుతున్నానంటే, నేను భయంలో లేను, మత్తులో లేను, నిద్రలో లేను.

గాలి రొద తగ్గింది. ఆగలేదు, నేను ఊపిరి పీలుస్తూనే ఉన్నాను. పక్కగదిలో ఫ్యాన్ తగ్గించినట్టు అణిగింది. అప్పుడు వినబడింది.

లాభం. రెండు. మూడు. నాలుగు.

ఊపిరి తీసుకున్న చప్పుడు.

ఐదు. ఆరు.

గుండు లోపలినుంచి కాదు. వెనక, ఎడమవైపు నుంచి, రైల్లో వెనక సీటునుంచి వచ్చినట్టు. సువర్ణ గొంతు. ఆ తర్వాత రావలసిన మాట నాకు తెలుసు, దాని కోసమే ఉండిపోయాను. కొంత ఎడం వచ్చింది. తర్వాత అంది.

"ఏడు."

గట్టిగా అనలేదు. కోపంగానూ అనలేదు. అంకె చెప్పేటప్పుడు గొంతు ఒక తీరుగా ఉంటుంది, మనిషిని ఏదైనా చెయ్యమనేటప్పుడు ఇంకో తీరుగా ఉంటుంది. అది ఏ తీరో నాకు ఇప్పటికీ తేలలేదు.

వెనక్కి తిరిగాను. ఇసుక, గొట్టం నీడ, అంతే. మళ్ళీ ముందుకు తిరిగేసరికి హారిక కూడా ఆగిపోయి, నా మీదుగా అదే చోటికి చూస్తోంది. నాతో ఉన్న మనిషి బాగానే ఉన్నావా అని సైగ చేశాడు. నేను బొటనవేలు పైకి చూపాను. అక్కడ దానికి పైకి తీసుకుపో అని అర్థం. తెలిసే చూపాను.

బల్లకట్టు మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. హారిక వచ్చి పక్కన కూర్చుంది. తడిచేత్తో నా ముంజేయి పట్టుకుంది.

"పెద్దమ్మా, నీకూ ఇనపడిందా?"

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట.

"ఏమి?"

"అమ్మ లెక్క. నువ్వు ఎనిక్కి తిరిగినావు, నేను చూసినా. లాభం కాన్నుంచీ అంతా చెప్పింది పెద్దమ్మా. ఆరున్నొక్కటి దాకా. తనని కూడా కలుపుకునింది." అది నవ్వుతోంది, ఏడుస్తోంది. "అమ్మ ఈడికి వచ్చింది. మనతో వచ్చింది కదా?"

నేను తడవని అద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాను.

"చెప్పు పెద్దమ్మా. ఆరున్నొక్కటి అనింది కదా?"

నా బతుకులో అంత చిన్న ప్రశ్నకు అంతసేపు నేనెప్పుడూ తీసుకోలేదు.

"అవునే. ఆరున్నొక్కటే అనింది" అన్నాను.

అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కొంచెం దూరంలో వాళ్ళ నాయన గడ్డిటోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

వేరేవాళ్ళను అడిగే ప్రశ్నలన్నీ నన్ను నేను అడుక్కున్నాను. ఆ బల్లకట్టు వాళ్ళలో తెలుగు వచ్చిన మనిషి ఒక్కడే. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతలు వచ్చారట. మేము నీళ్ళలో ఉన్నప్పుడు అతను పడవతో ఒడ్డుకు పోయి ఉన్నాడు. ఉన్నా మగగొంతే. చెవుల మీద నీళ్ళ ఒత్తిడికి ఏవేవో వినబడతాయి, నిజమే. మనసులో తప్పు చేశానని ఉన్నవాళ్ళకు ఇంకా వినబడతాయి, అదీ నిజమే. అది నా ఒక్కదాని చెవికి సరిపోయే జవాబు. మరి ఆ పిల్ల?

బల్లకట్టు వాళ్ళు తీసిచ్చిన వీడియో ఉంది. అందులో బుడగల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కానీ ఒకచోట నేను ఎడమవైపుగా వెనక్కి తిరుగుతాను, సరిగ్గా అదే క్షణంలో హారిక కూడా తిరుగుతుంది. నన్ను చూసి తిరిగిందనడానికి లేదు, అప్పటిదాకా దాని వీపు నా వైపే ఉంది. మా ఆయనకు చూపించాను. "చేపేదన్నా పోయింటాది" అన్నాడు. చేప లేదు. ఎన్నిసార్లు చూసినా లేదు.

సరే, ఇద్దరమూ విన్నామనుకుందాం. ఒకే గొంతు, ఒకే లెక్క, ఒకే క్షణం. ఆరు దాకా ఒకటే. ఆఖరి మాట మాత్రం కూతురికొకటి, నాకొకటి ఎట్లా అయింది? కూతుర్ని ఎప్పటిలాగే మురిపించి, నాకు మాత్రం ప్రాణం ఉన్నంతకాలం నోటికి రానీయని మాటను చెప్పింది. అది అంకె అయితే, తనను లెక్కలో కలుపుకుందని నేనూ సంతోషపడవచ్చు. నాకు చెప్పిన మాటే అయితే, ఆ పని నేను ఇంకా చెయ్యలేదు. ఏడవాలని కళ్ళు మూసుకుని కూర్చుని చూశాను కూడా. రాలేదు.

హారిక ఇప్పుడు కిందికి దిగి వస్తుంది. వంటింటి గట్టు మీద కూర్చుని కాలేజీ సంగతులన్నీ చెబుతుంది. నా చేతి చారు బాగుందంటుంది. అప్పుడప్పుడూ, ఏ పనీ లేనప్పుడు, "పెద్దమ్మా, ఆడ అమ్మ ఎట్ల చెప్పిందో చెప్పు" అంటుంది. నేను మొదటినుంచీ చెబుతాను. చివర్లో దానికి కావలసిన మాటే చెబుతాను. నిజం చెబితే మళ్ళీ వాళ్ళమ్మ పోతుంది, ఈ పిల్లా మళ్ళీ మేడ మీదికి ఎక్కేస్తుంది.

ఇన్నేళ్ళు మనుషుల్ని నిలదీసి నిజాలు చెప్పించినదాన్ని. నీళ్ళ అడుగున ఆ పూట ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరైనా వచ్చి నన్ను నాలుగు ప్రశ్నలు అడిగితే, నాలుగింటికీ నా దగ్గర జవాబు లేదు.