బావ అన్న ‘సాకు’

మొన్న పేరేసంద్రలో బస్సు ఆగినప్పుడు హోటల్లో భోజనానికి కూర్చుంటే, పక్కబల్ల పెద్దమనిషి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి వడ్డించేవాడితో "సాకు, సాకు" అన్నాడు. కన్నడంలో చాలు అని. మన తెలుగులో సాకంటే వంక అని కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే ఈ వైపు పుట్టిన మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. నేను ఆకు మడిచి లేచేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో చింతామణి పట్టు రీలింగ్ షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళను సంఘంగా కూడగట్టినవాడు మా అక్క భర్త. చాకవేలు నుంచి నన్ను పిలిపించుకుని, అర్జీ రాయడం, మైకు ముందు వణక్కుండా నిలబడటం నేర్పి, సంఘంలో సొంత తమ్ముడిలా సాకినవాడూ ఆ బావే. ఒక్క సైకిలు మీద ఇద్దరం షెడ్లన్నీ తిరిగాం. మరుగునీళ్ళలో చేతులు పెట్టి పట్టుగూళ్ళ నుంచి దారం తీసి తీసి చర్మం ఊడిన వేళ్ళకు మందూ, మానేదాకా సెలవూ ఇవ్వాలన్నదే మా కోరిక. బావను ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించుకున్నదీ అందుకే.

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన కొత్తలో అధికారుల సభకు ఆ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాను. బావ అధికారుల వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ చేతులు ఎత్తించి చూపిస్తూ నేను మాట్లాడుతుంటే, నా వైపు చూడకుండానే "సాకు" అన్నాడు.

"నీకు కుర్చీ దొరికినాక మా పుండ్లు సాకులైనాయా బావా? యాడ కూర్చోనుండావో చూసుకో!" అని అరిచి బయటికి వచ్చేశాను. తర్వాతి ఎన్నికల్లో ఆయన మీదే నిలబడ్డాను. సంఘం రెండుగా చీలింది, ఇద్దరమూ ఓడిపోయాం, వేళ్ళకు మందు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు అక్క బాగేపల్లి నుంచి వచ్చింది. "మీ బావ చాలు అని కన్నడంలో అన్న్యాడంట రా, నువ్వు తెలుగులో విని మీద పడితివి. ఒకసారి వచ్చి పో, నీ కోసం చూస్తాండాడు."

"నాతో ఏ పొద్దైనా కన్నడంలో మాట్లాడినాడా అక్కా?" అన్నాను. అక్క ఒక్కతే బాగేపల్లి బస్సెక్కింది. నేను పోలేదు.

ఇప్పుడు బావ లేడు. ఆ షెడ్లలో యంత్రాలు వచ్చాయి, ఆ ఆడవాళ్ళు చింతామణి బస్టాండులో ఎదురైనా తల వంచుకుని పోతారు. ఆయన చాలు అనే అన్నాడని ఒప్పుకుంటాను. కానీ అన్నేళ్ళు నాతో తెలుగులోనే మాట్లాడినవాడు అధికారుల మధ్య కూర్చోగానే భాష మార్చాడే, అది మరిచిపోను. ఆ మాట పట్టుకుని నేను ఎంత వాదించినా, "మూసుకోరా, బో చెప్పొచ్చినావు" అని తెలుగులో తిట్టడానికి మాత్రం ఇప్పుడు నాకెవరూ లేరు.