కాంగా జంటలను కోయించింది నేనే

కొవిడ్‌కు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో నన్ను ఒమాన్‌లో రుస్తాఖ్ పట్నంలోని బట్టల గోదాముకు స్టాక్ సూపర్‌వైజర్‌గా వేశారు. సిరిసిల్లలో పదిహేనేళ్లు బట్ట తనిఖీ చేసి వెళ్లినవాణ్ని. నాకు తెలియని బట్ట లోకంలో లేదని అప్పటికే తీర్మానించుకున్నాను.

మొదటి వారమే ఓ పెళ్లింటివారు ఆర్డరిచ్చిన నలభై జంటల కాంగాలు దిగాయి. జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమానీ కుటుంబాల్లో ఆడవాళ్లు చుట్టుకునే నూలు బట్ట అది. చుట్టూ అంచు, నడుమ బొమ్మ, దాని కింద స్వాహిలీలో ఒక వాక్యం. ఒకేలాంటి రెండు ముక్కలు విడదీయకుండా వస్తాయి. ఒకటి నడుముకు, ఒకటి తలమీదికి. నాకు మాత్రం మిల్లువాళ్లు కోయడం మరిచిపోయారనిపించింది. వాళ్ల తప్పు దిద్దే భాగ్యం నాకు దక్కింది.

కటింగ్ చేసే లచ్చన్నది జగిత్యాల వైపు. నాలుగేళ్లు సైట్లలో ఇటుకలు మోసి, నడుం పోయాక బతిమాలుకుని గోదాములోకి మారాడు. కత్తెర పట్టుకుని ఆగిపోయాడు.

"కొయ్యొద్దు సార్. జోడీగనే కొంటరు, ఇంటికి వొయ్యి వాళ్లే కోసుకుంటరు. కోసినదైతె ఎవలో కట్టి ఇడిశిందంటరు."

"సూపర్‌వైజర్ నువ్వా, నేనా?"

"మీరే సార్. గందుకే మీకు జెప్తున్న."

నలభై జంటలూ కోయించాను. ముక్కముక్కకీ చీటీ అంటించి అలమరలో అందంగా పేర్పించాను. పెళ్లింటి పెద్దావిడ వచ్చి, కోసిన అంచు తడిమి, బట్ట అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఎవరు కోశారని మేనేజరు అడిగాడు. డ్యామేజ్ రిపోర్టులో బాధ్యుడి పేరుకు ఒకటే గడి ఉంటుంది. అందులో లచ్చన్న పేరు రాశాను. కత్తెర ఆయన చేతిలోనే ఉంది కదా, అబద్ధమెలా అవుతుంది! ఇంగ్లిష్ రాని ఆయనతో, సరుకు ముట్టిన కాగితమని చెప్పి సంతకం పెట్టించాను. వీసా రద్దయి ఆయన ఇంటికి పోయాడు. నష్టాన్ని వెంటనే నివేదించినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఉద్యోగం మానేసి వచ్చాక, నిరుడు లచ్చన్న ఇంటికి వెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన నిదానంగా విన్నాడు.

"కోయమన్నది మీరేనని నాకెర్కలేదా సార్? నాకెందుకు జెప్తున్నరు? కంపెనోళ్లకు జెప్పుండ్రి."

కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. తప్పు ఒప్పుకోవలసింది నష్టపోయినవాడి ముందు మాత్రమే కాదు, అతనికి అది ముందే తెలుసు. మన అబద్ధాన్ని నమ్మినవాళ్ల ముందు ఒప్పుకోవాలి. అదీ వాళ్లింకా వినే స్థితిలో ఉన్నప్పుడు.